స్తంభం దాకా వచ్చిన తీగ ఇంటి దాకా రావాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కలెక్టర్లకు, ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ మేనేజింగ్ డైరెక్టర్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

నమస్కారాలు. నేను ఉద్దానంలో పుట్టి, ఇక్కడే స్థిరపడిన కామర్స్ అధ్యాపకుణ్ణి. వారంలో ఆరు రోజులు డిగ్రీ కళాశాలలో పాఠం చెబుతాను. ఏడో రోజు దూరవిద్యలో చదువుతున్నవారి కాంటాక్టు తరగతులకు వెళ్తాను. పద్దులు రాయడం, రాయించడం నా వృత్తి కనుక ఈ లేఖలో ఆవేదనతో పాటు కొంత లెక్క కూడా ఉంటుంది, ఓపికగా చదవమని ప్రార్థన. నేను అడగబోయేది ఒక్కటే. ఇంటి దగ్గర ఉండి చదువుకుంటున్న విద్యార్థి ఉన్న ప్రతి ఇంటికీ, ఆ కుటుంబం మోయగలిగిన ధరకు, తెగిపోతే గడువులోగా బాగుచేస్తామన్న పూచీతో, తీగ ద్వారా వచ్చే ఇంటర్నెట్ కనెక్షన్ మన రెండు జిల్లాల్లో ఇప్పించండి.

ఆన్‌లైన్ చదువు కరోనాతో వచ్చి కరోనాతోనే పోయిందని చాలామంది అనుకుంటున్నారు. 2020లో బడులు మూతపడినప్పుడు సిగ్నల్ కోసం వాటర్ ట్యాంకు మెట్ల మీద, మేడల మీద కూర్చున్న పిల్లలను అందరూ చూశారు. బడులు తెరిచాక ఆ దృశ్యం కనుమరుగైంది కానీ, ఆ అవసరం తగ్గలేదు సరికదా, నియమాల రూపంలో స్థిరపడింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం యూజీసీ 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయాలు ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం దాకా కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ మీద చదవడానికి అనుమతించవచ్చు. మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థికి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి కాగా, చుట్టుపక్కల ఇంటర్న్‌షిప్ ఇచ్చే కంపెనీలు లేని పల్లె పిల్లలు దాన్ని ఆన్‌లైన్లోనే పూర్తి చేస్తున్నారు. 2025 నుంచి హాల్‌టికెట్లు సైతం రాష్ట్ర ప్రభుత్వ సేవ ‘మన మిత్ర’ ద్వారా వాట్సాప్‌లో వస్తున్నాయి. ఇక దూరవిద్యలో అయితే అడ్మిషన్ మొదలుకొని అసైన్‌మెంటు దాకా అన్నిటికీ నెట్టే ఆధారం.

ఆ దూరవిద్య తరగతికి ఎవరు వస్తారో కూడా చెప్పాలి, ఎందుకంటే వీళ్లు ఏ పథకం జాబితాలోనూ సాధారణంగా కనిపించరు. పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేస్తూ డిగ్రీ పూర్తిచేయాలనుకునే కుర్రవాళ్లు, పలాస జీడి పరిశ్రమల్లో పనిచేసే ఆడపిల్లలు, ఇంటర్ అవగానే పెళ్లయి బిడ్డను ఎత్తుకుని వచ్చే కోడళ్లు, తండ్రి వేటకు గుజరాత్ తీరానికి వెళ్లిపోతే ఇంటి భారం మీద పడ్డ మత్స్యకారుల పిల్లలు. రోజూ బస్సెక్కి కళాశాలకు రాలేక ఈ దారి పట్టినవాళ్లే అందరూ. వీళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంటు లేదు, హాస్టల్ లేదు, కళాశాల ల్యాబ్ లేదు. ఇల్లే వీళ్ల కళాశాల.

నా దగ్గర చదువుతున్న ఒక అమ్మాయి సంగతి రాస్తాను, పేరు మాత్రం రాయను. వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఊరు. తండ్రి చెన్నైలో భవన నిర్మాణ పనిలో ఉన్నాడు. తల్లి తెల్లవారుజామునే ఆటో ఎక్కి జీడిపప్పు పనికి పోతుంది. అమ్మాయి దూరవిద్యలో బీకాం రెండో సంవత్సరం, తమ్ముడు ఇంటర్ రెండో సంవత్సరం. ఇంట్లో మంచి ఫోను ఒక్కటే, అదీ పగలంతా తల్లి దగ్గరే ఉంటుంది. ఆమెను ఒకసారి అడిగాను, ఫోను పిల్లల దగ్గర ఉంచి వెళ్లకూడదా అని. “ఏటి సేస్తాం మాస్టారూ, రేపు పనుందో లేదో దాన్లోనే సెప్తారు, వాళ్ల నాన్న పైసలేసింది కూడా దాన్లోనే తెలుస్తాది” అంది. ఆమె చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు. రాత్రి ఏడు దాటాక ఫోను ఇంటికి వస్తే, ముందు తమ్ముడు భౌతికశాస్త్రం వీడియో చూస్తాడు, ఎందుకంటే వాడికి పబ్లిక్ పరీక్షలు. మిగిలిన డేటా అక్కది.

ఒక ఆదివారం ఆ అమ్మాయి నోటుపుస్తకం దిద్దుతున్నాను. ముగింపు లెక్కల పాఠం. ఎడమ పక్క మార్జిన్‌లో ఎర్ర సిరాతో చిన్న అంకెలు ఉన్నాయి: 14.20, 22.05, 31.40. ఏవో మొత్తాలు పక్కన వేసుకుందనుకుని, ఇవి ఏ పద్దువమ్మా అని అడిగాను. పద్దులు కావు సార్, డేటా అయిపోయి వీడియో ఎక్కడ ఆగిందో ఆ నిమిషం, ఆ సెకను అంది. మర్నాడు అక్కడి నుంచే మొదలుపెట్టకపోతే పాఠం ఎప్పటికీ పూర్తికాదు కనుక, ఆగినచోటల్లా రాసి పెట్టుకుంటుంది. ఆ లెక్కలో ఆమె ఆస్తి అప్పుల పట్టీ కలవలేదు. తేడా 2,500 రూపాయలు. యంత్రాల మీద తరుగుదలను లాభనష్టాల ఖాతాలో ఖర్చుగా రాసింది కానీ, ఆస్తి విలువలోంచి తగ్గించలేదు. సర్దుబాటు అన్నది రెండు చోట్ల రాయాలన్న మొదటి సూత్రం ఆమెకు తెలియక కాదు, పాఠంలో ఆ రెండో చోటు 31.40 తర్వాత ఉంది. ఆ రోజు ఆమె ఆగింది అక్కడే. ఇరవై ఏళ్లుగా పేపర్లు దిద్దుతున్నాను; ఇటువంటి తప్పుకు మార్కులు తగ్గించడానికి నాకు చేయి రాలేదు.

ఫోను డేటా ఉంది కదా, అదీ ఇంటర్నెట్టే కదా అన్న ప్రశ్న మీ కార్యాలయాల్లో వస్తుందని నాకు తెలుసు. దాని లెక్క ఇది. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాను ధరను ఒక పెద్ద టెలికాం కంపెనీ 2024 జూలైలో 239 రూపాయల నుంచి 299కి పెంచింది, మిగిలిన ప్రైవేటు కంపెనీలు కూడా అదే సమయంలో ధరలు పెంచాయి. 28 రోజుల ప్లాను కనుక ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జిలు: 3,887 రూపాయలు. ఉపాధి హామీ పథకంలో 2025-26కు మన రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలుగా నిర్ణయించారు. అంటే ఒక్కో రీచార్జి ఒక్క రోజు కష్టం. ఇద్దరు పిల్లలకు రెండు ఫోన్లు పెడితే ఏడాదిలో ఇరవై ఆరు రోజుల కూలి డేటాకే పోతుంది. పైగా ఆ 299లో 18 శాతం జీఎస్టీ కింద దాదాపు 46 రూపాయలు ప్రభుత్వానికే వెళ్తున్నాయి. చదువు కోసం వేసిన రీచార్జికీ, కాలక్షేపానికి వేసిన రీచార్జికీ పన్ను ఒక్కటే.

ఇంత పెట్టినా వచ్చేది ఎంత? గంటసేపు వీడియో పాఠం మామూలు నాణ్యతలో చూస్తే అర జీబీ దాటుతుంది. తమ్ముడు రెండు పాఠాలు చూస్తే అక్కకు ఒక్క పాఠం కూడా పూర్తిగా మిగలదు. కొబ్బరి తోటల మధ్య ఉన్న ఇళ్లలోకి సిగ్నల్ సరిగా రాదు, వచ్చినా రాత్రి ఎనిమిది దాటాక ఊరంతా ఒకే టవర్ మీద పడుతుంది. నాలుగు అంగుళాల తెర మీద పద్దెనిమిది వరుసల అంకణా (ఖాతాల నిల్వల పట్టిక) చదవడం ఎంత కష్టమో బోధించేవాడిగా నాకు తెలుసు. ఇంటికి తీగ వస్తే అక్క, తమ్ముడు ఒకేసారి కూర్చోవచ్చు, జీబీలు లెక్కపెట్టుకోనక్కర లేదు, అమ్మ ఫోను అమ్మ దగ్గరే ఉంటుంది. ఎవరో ఇచ్చిన పాత ల్యాప్‌టాప్ అయినా అప్పుడు పనికొస్తుంది. అందుకే నేను కోరుతున్నది ఫోనుకు ఉచిత డేటా కాదు, ఇంటికి కనెక్షన్.

ఇది ఆకాశంలోంచి ఊడిపడాల్సిన వసతి కాదు, చాలా ఊళ్లలో సగం పని ఎప్పుడో అయిపోయింది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడిలో ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ ఇస్తామన్నారు. భూమి తవ్వితే ఖర్చు, కాలం రెండూ ఎక్కువవుతాయని కరెంటు స్తంభాల మీదుగా, సబ్‌స్టేషన్లను కేంద్రాలుగా చేసుకుని సుమారు 24,000 కిలోమీటర్ల మేర తీగ లాగారు. ఆ ఆలోచన మంచిది. మారుమూల ఊరికి కూడా కరెంటు స్తంభం ఉంటుంది కనుక, దాన్ని పట్టుకుని ఇంటర్నెట్ వెళ్లడం తెలివైన పద్ధతే. ఆనాటి ధర ఇప్పుడు లేదు. ఆ తీగ మాత్రం మా వీధి మొదట్లో స్తంభానికి చుట్టగా చుట్టి, ఇనుప కొక్కేనికి వేలాడుతూ ఉంది. దాని కింది నుంచే పిల్లలు రోజూ బడికి వెళ్తారు.

ఆ చుట్ట దగ్గరి నుంచి చివరి ఇంటి వరకు ఉన్న దూరమే ఈ సమస్య మొత్తం. మా ఊరి కేబుల్ ఆపరేటర్‌ను నేను తప్పుపట్టలేను. అతను తన లెక్క నాకు విప్పి చెప్పాడు. నడివీధిలో ఒక్క స్తంభం నుంచి ఎనిమిది ఇళ్లకు కనెక్షన్ ఇవ్వవచ్చు. ఊరి చివరి కాలనీకి వెళ్లాలంటే మూడు వందల మీటర్ల తీగ, రెండు చోట్ల ఫైబర్ అతికించే పని, ఇద్దరు మనుషుల కూలి, ఇంటింటికీ ఒక బాక్సు కావాలి. తీరా చేరేది నాలుగైదు ఇళ్లు, వాటిలో రెండు ఇళ్లకు వలస వెళ్లిన కారణంగా ఆరు నెలలు తాళం ఉంటుంది. పెట్టుబడి తిరిగి రాదు. సొంత డబ్బుతో వ్యాపారం చేసుకునే మనిషిని ఈ నష్టం భరించమని అడగడం న్యాయం కాదు. అది భరించవలసింది ప్రభుత్వమే, కరెంటు విషయంలో భరించినట్టుగా. ఇల్లు ఊరి చివర ఉంది కనుక మీటరు ఇవ్వం అని ఇవాళ విద్యుత్ శాఖ ఎవరికీ చెప్పడానికి వీల్లేదు. ఆ ఊరి చివర ఉండేది ఎవరో మీకు వేరే చెప్పనక్కర లేదు. ఎస్సీ కాలనీలు, మత్స్యకారుల వీధులు, కొండ దిగి వచ్చి స్థిరపడ్డ సవర కుటుంబాలు.

ధర ఎంత ముఖ్యమో, తెగిన తీగను బాగుచేయడం అంతే ముఖ్యం, ఈ సంగతి నేను స్వయంగా అనుభవించాను. గత వర్షాకాలంలో ఒక రాత్రి గాలివానకు కొమ్మ విరిగి పడి మా ఇంటి కనెక్షన్ తెగిపోయింది. సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. పంతొమ్మిది రోజులు రాలేదు. మూడుసార్లు ఫిర్యాదు చేశాను, రెండుసార్లు ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని సందేశం వచ్చింది, నెలాఖరుకు పూర్తి బిల్లు కూడా వచ్చింది. నాకు జీతం ఉంది కనుక ఫోను డేటాతో పని నడుపుకున్నాను. సెమిస్టరు చివర్లో ఉన్న విద్యార్థికి పంతొమ్మిది రోజులు అంటే ఒక సబ్జెక్టు పోయినట్టే. ఇక ఉత్తరాంధ్ర తీరంలో తుపాను అనేది అనుకోని అవాంతరం కాదు, అక్టోబరు వస్తే ఎదురుచూసేదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విజయనగరాన్ని, 2018 అక్టోబరు 11న తిత్లీ ఉద్దానాన్ని ఎలా కుదిపేశాయో మీ కార్యాలయాల రికార్డుల్లోనే ఉంటుంది. తిత్లీకి కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలు వరుసలు వరుసలుగా నేలకొరిగాయి. స్తంభం పడితే దాన్ని పట్టుకున్న తీగా పడుతుంది. స్తంభాన్ని తిరిగి నిలబెట్టేటప్పుడే ఫైబర్‌ను కూడా సరిచేసే బాధ్యత ఎవరిదో ముందుగా రాసి ఉండకపోతే, కరెంటు వచ్చిన చాలా కాలం దాకా నెట్టు రాదు.

డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది తేలికైన ప్రశ్న కాదని ఒప్పుకుంటాను. అయినా దారులు లేకపోలేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2021 ఆగస్టు 31న ఇచ్చిన సిఫార్సుల్లో ఒకటి ఈ సందర్భానికి సరిగ్గా సరిపోతుంది: గ్రామాల్లో తీగ ద్వారా బ్రాడ్‌బ్యాండ్ తీసుకునేవారికి నెల చందాలో సగం, గరిష్ఠంగా 200 రూపాయలు, నేరుగా తిరిగి చెల్లించే పథకాన్ని ప్రయోగాత్మకంగా నడపాలని ఆ సంస్థ చెప్పింది. ఆ ప్రయోగానికి మన రెండు జిల్లాలను ఎంపిక చేయమని కేంద్రాన్ని కోరవచ్చు. టెలికాం కంపెనీలు తమ సవరించిన స్థూల ఆదాయంలో కట్టే 8 శాతం లైసెన్సు ఫీజులో 5 శాతం గ్రామీణ సేవల కోసం ఏర్పాటైన నిధికి చేరుతుంది. 2024 నుంచి దాన్ని డిజిటల్ భారత్ నిధి అని పిలుస్తున్నారు. ఉద్దానంలో జీడిపప్పు ఒలిచే తల్లి వేసే రీచార్జిలోంచి కూడా ఆ నిధికి కొంత పోతోంది కనుక, ఆమె బిడ్డ ఇంటికి దానిలోంచి కొంత తిరిగి రావాలని అడగడం అన్యాయం కాదు. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన, పల్లెలకు బ్రాడ్‌బ్యాండ్ చేర్చే సవరించిన భారత్‌నెట్ కార్యక్రమానికి 1.39 లక్షల కోట్ల రూపాయలు అనుకున్నారు. ఒకచోట తెగినా రెండో వైపు నుంచి సంకేతం అందేలా తీగను వలయంగా కలపాలన్నది అందులోని ముఖ్యమైన మార్పు. తుపాను జిల్లాలకు అంతకన్నా అవసరమైనది మరొకటి లేదు.

పరిమాణం అర్థం కావడానికి ఒక చిన్న లెక్క వేస్తాను. ఒక ఊళ్లో అరవై విద్యార్థి ఇళ్లు ఉన్నాయనుకుందాం. ఇంటికి నెలకు 200 రూపాయల సాయం చేస్తే ఏడాదికి 1,44,000 రూపాయలు. ఊళ్లో ఒక సిమెంటు రోడ్డు ముక్క వేయడానికి పంచాయతీలు ఇంతకంటే ఎక్కువే ఖర్చుపెడతాయి. రోడ్డు వద్దని నా ఉద్దేశం కాదు. మొత్తం చూసి బెదరవలసిన అవసరం లేదని మాత్రమే.

అయితే ఒక జాగ్రత్త. అమెరికాలో కరోనా తర్వాత పేద కుటుంబాలకు ఇంటి ఇంటర్నెట్ చందాలో నెలకు 30 డాలర్లు తగ్గించే పథకం నడిచింది. 2.3 కోట్ల కుటుంబాలు చేరాక కేటాయించిన నిధులు అయిపోయి, 2024 జూన్ 1న అది ఆగిపోయింది. అలవాటు చేసి ఆపేయడం అసలు ఇవ్వకపోవడం కంటే ఎక్కువ బాధ పెడుతుంది. డిగ్రీ మూడేళ్లయితే సాయం కూడా మూడేళ్లు ఉంటుందన్న హామీ మొదటి ఉత్తర్వులోనే ఉండాలి. దగ్గరి ఉదాహరణ కావాలంటే కేరళ ఉంది. 2023 జూన్ 5న ప్రారంభమైన ఆ రాష్ట్ర ఇంటర్నెట్ పథకం కె-ఫోన్‌లో దారిద్ర్యరేఖకు దిగువనున్న 20 లక్షల కుటుంబాలకు ఉచిత కనెక్షన్ ఇవ్వాలని లక్ష్యంగా పెట్టుకుని, తొలి విడతలో 14,000 ఇళ్లతో మొదలుపెట్టారు. మొదలు చిన్నదైనా పర్వాలేదు, ఆ ఇళ్లు ఏవన్నది తెలిసి ఉండాలి.

మన దగ్గర ఆ ఇళ్లు ఏవో తెలుసుకోవడం కష్టం కాదు. 2019 అక్టోబరు 2 నుంచి ఉన్న గ్రామ సచివాలయాల్లో సంక్షేమ, విద్యా సహాయకుడు ఉన్నాడు, డిజిటల్ అసిస్టెంట్ ఉన్నాడు, ఎనర్జీ అసిస్టెంట్‌గా పనిచేసే జూనియర్ లైన్‌మన్ ఉన్నాడు. ఏ ఇంట్లో ఎవరు ఏం చదువుతున్నారో మొదటివాడికి తెలుసు, ఆ ఇంటికి ఏ స్తంభం దగ్గరో మూడోవాడికి తెలుసు. వీళ్లను ఒక్క వారం కలిసి నడిపిస్తే ఊరి పటం తయారవుతుంది. ఆ జాబితా రాసేటప్పుడు దూరవిద్య, సార్వత్రిక పాఠశాల విద్యార్థులను తప్పకుండా చేర్చండి. రెగ్యులర్ కళాశాల అడ్మిషన్ నంబరు ఉంటేనే అర్హత అన్న గడి ఒక్కటి పెడితే, అసలు అవసరం ఉన్నవాళ్లంతా ఆ గడి దగ్గరే ఆగిపోతారు. అద్దె ఇంట్లో ఉన్నవారిని, వలస వెళ్లి మూడు నెలలకొకసారి వచ్చే తండ్రి పేరు మీద కార్డు ఉన్నవారిని ఇంటి పన్ను రసీదు అడిగి తిప్పకండి. కనెక్షన్ తల్లి పేరు మీదనో, పద్దెనిమిదేళ్లు నిండిన విద్యార్థి పేరు మీదనో ఇవ్వవచ్చు.

ఊరికొక వైఫై కేంద్రం పెడితే సరిపోతుంది కదా అని కొందరు సూచిస్తారు. బహిరంగ వైఫై కోసం కేంద్రం తెచ్చిన పీఎం-వాణి పథకం 2020 డిసెంబరు నుంచి ఉంది, సచివాలయాల్లో దాన్ని నడపవచ్చు, నడపాలి కూడా. శాఖా గ్రంథాలయాలు ఉన్నచోట వాటికీ కనెక్షన్ ఇచ్చి సాయంత్రం తొమ్మిది దాకా తెరిచి ఉంచితే ఎంతో మేలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతూనే ఉంది కనుక, పుస్తకంతో పాటు నెట్టు కూడా చదువుకు సాధనమే అని గుర్తించడానికి జిల్లా గ్రంథాలయ సంస్థలకు అడ్డేమీ ఉండకూడదు. కానీ ఇవన్నీ ఇంటికి తోడు మాత్రమే. ఉద్దానం తోటల్లో చీకటి పడితే ఎలుగుబంట్లు తిరుగుతాయి, ఇది మా ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన భయం. రాత్రి ఎనిమిదింటికి ఆడపిల్లను సచివాలయం అరుగు మీదికి పంపి పాఠం చూసుకోమని ఏ తల్లీ అనదు. బిడ్డకు పాలిస్తూ బీఏ చదివే తల్లి గ్రంథాలయానికి వెళ్లలేదు. పగలు కూలికి, రాత్రి చదువుకు కేటాయించుకున్నవాళ్లకు ఆ రాత్రి ఇంట్లోనే గడవాలి.

కేరళ హైకోర్టు 2019 సెప్టెంబరు 19న ఇచ్చిన తీర్పు ఈ చోట గుర్తుచేయాలి. హాస్టల్‌లో సాయంత్రం పూట ఫోన్లు వాడకూడదన్న నియమాన్ని సవాలు చేస్తూ ఒక డిగ్రీ విద్యార్థిని వేసిన కేసులో, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ, రాజ్యాంగం 21వ అధికరణం కింది గోప్యత హక్కులోనూ భాగమని ఆ న్యాయస్థానం చెప్పింది. ఆ తీర్పు మన రాష్ట్రాన్ని నేరుగా కట్టివేయకపోవచ్చు. అందులోని తర్కం మాత్రం రాష్ట్ర సరిహద్దుల్లో ఆగేది కాదు.

కొండ ఊళ్ల విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ స్తంభం లెక్క పనిచేయదు. మహేంద్రగిరి దిగువన మందస, మెళియాపుట్టి మండలాల్లోని సవర గూడేలు, విజయనగరం జిల్లాలో ఎస్.కోట మండలం దారపర్తి పంచాయతీ కొండ గ్రామాలు, ఇవన్నీ రోడ్డే సరిగా లేనివి. రోగిని డోలీలో మోసుకువచ్చే చోటికి ఫైబర్ ముందు వెళ్లాలని నేను వాదించను. అక్కడికి 2022 జూలైలో కేంద్రం ఆమోదించిన, సిగ్నల్ లేని గ్రామాలకు 4జీ అందించే పథకం కింద టవర్ రావాలి. వచ్చేదాకా గూడెం పిల్లలు ఉండే ఆశ్రమ పాఠశాలలకు, హాస్టళ్లకు తప్పకుండా తీగ కనెక్షన్ ఉండాలి. విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019 నుంచి నడుస్తోంది. సెలవుల్లో ఇంటికి వెళ్లే ఆ విద్యార్థులు కూడా మీ జాబితాలో ఉండాలి.

ఇక ఎవరిని ఏం కోరుతున్నానో స్పష్టంగా రాస్తాను. కలెక్టర్ గార్లూ, మీరు ఒక్కో జిల్లాలో ఒక్కో మండలాన్ని తీసుకుని, ఈ విద్యా సంవత్సరంలోనే సచివాలయాల ద్వారా విద్యార్థి ఇళ్ల జాబితా, స్తంభాల పటం తయారు చేయించండి. నా సూచన అడిగితే శ్రీకాకుళంలో వజ్రపుకొత్తూరు, విజయనగరంలో మెంటాడ. ఒకటి తుపాను తీరం, మరొకటి మెట్ట, కొండ కలిసిన నేల కనుక రెండింటి అనుభవమూ మిగతా మండలాలకు పనికొస్తుంది. విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ అధికారులను కూర్చోబెట్టి, స్తంభం పడితే తీగను ఎవరు, ఎన్ని గంటల్లో సరిచేయాలో రాతపూర్వకంగా తేల్చండి.

మేనేజింగ్ డైరెక్టర్ గారూ, మీ సంస్థ విద్యార్థుల కోసం ప్రత్యేకంగా ఒక కనెక్షన్ ప్రకటించాలని కోరుతున్నాను. అందులో టీవీ చానళ్లు లేకపోయినా ఫర్వాలేదు, నెలకు కుటుంబం కట్టేది 149 రూపాయలు మించకూడదు. అది మీ సంస్థ పుట్టినప్పుడు చెప్పిన ధరే. బాక్సుకు డిపాజిట్ అడగవద్దు. 28 రోజులు కాకుండా నెలకు నెల లెక్క ఉండాలి, పని దొరకని నెలలో కట్టలేకపోతే వెంటనే కోసివేయకుండా నెల రోజులు గడువివ్వాలి. ఊరి చివరి కాలనీకి తీగ లాగే ఆపరేటర్‌కు మీటరుకు ఇంత అని ఒకసారి సాయం ఇవ్వండి, అప్పుడు అతనే ముందుకొస్తాడు. ఫిర్యాదును మూసివేసే అధికారం సంస్థ సిబ్బంది దగ్గర కాకుండా ఫిర్యాదు చేసిన ఇంటి దగ్గర ఉండాలి: నెట్టు వచ్చిందని ఆ ఇంటివారు చెప్పాకే అది పరిష్కారమైనట్టు. రాని రోజులకు చందా వసూలు చేయకూడదు.

మా కళాశాలలో రెండో సంవత్సరం విద్యార్థులు, నా సహోద్యోగులు కొందరు ఈ లెక్కింపు పనిలో ఉచితంగా చేయి వేస్తామని ఇప్పటికే చెప్పారు. మా వీధి పటం మేమే గీశాం. పదిహేను ఇళ్లు, ఆరింట చదువుకునే పిల్లలు, తీగ కనెక్షన్ ఉన్నవి రెండు. తీగ చుట్ట వేలాడుతున్న స్తంభం నుంచి చివరి విద్యార్థి ఇంటికి మా టేపు కొలతలో నూట ఎనభై మీటర్లు. ఆ కాగితం ఈ లేఖతో పాటు మీ కార్యాలయాలకు రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. వచ్చే సెమిస్టరు తరగతులు మొదలయ్యేలోపు మీ నుంచి జవాబు ఆశిస్తున్నాను. మీ సిబ్బంది ఎవరైనా వస్తే ఆదివారం తప్ప ఏ సాయంత్రమైనా ఆ స్తంభం దగ్గర నేను ఉంటాను. ఆదివారం మాత్రం ఆ అమ్మాయి చూడలేకపోయిన నిమిషాల పాఠం చెప్పడానికి కాంటాక్టు తరగతికి వెళ్లాలి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక కామర్స్ అధ్యాపకుడు,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా